రెండేండ్ల వైద్యము – ఊరి తోడు

(ప్రసంగ పాఠము)



మార్కాపురము పేరు వినగానే తెలుగునాట బడికి పోయిన ప్రతివారికిని పలక జ్ఞప్తికి వచ్చును. ఆ పరిసరముల గనులలో త్రవ్వి తీసిన రాతిని రేకులుగా చీల్చి, నునుపు చేసి, కొయ్యచట్రములు బిగించి అక్కడి పనివారు పంపిన పలకలమీదనే ఎన్నియో తరముల బిడ్డలు ఓనమాలు దిద్దుకొనిరి. ఆ పలకను కొంతకాలము గోడకు ఆనించి, ఆసుపత్రి మంచము చేరవలసివచ్చిన పసివారిని గూర్చి నేడు మేము మాటలాడ దలచితిమి. అంతకంటె ముఖ్యముగా, ఆ మంచము ప్రక్కన నేలమీద పరుండు తల్లిని గూర్చియు, ఊరిలో మిగిలిపోయిన ఆ యింటివారిని గూర్చియు చెప్పదలచితిమి.

పసిబిడ్డకు క్యాన్సర్ అను మాట చెవిని పడుటయే కష్టము. వినోదము కోరి రేడియో పెట్టినవారు కొందరు ఈపాటికి మరియొక కేంద్రమునకు తిప్పబోవుచుందురేమో. వారిని కొంచెముసేపు ఓర్చుకొనుడని వేడుచున్నాము. మేము చెప్పబోవు దానిలో భయముకంటె ఆశయే అధికముగా నున్నది. ఆ ఆశ నిలుచుటకు వైద్యులొక్కరే చాలరు; ఊరు కూడ కావలెను. నేటి ప్రసంగమునకు సారాంశ మింతే.

మన పెద్దలు ఈ వ్యాధిని రాచపుండనెడివారు. ఆ పేరు వినబడినంతనే ఆశ వదలుకొనెడివారు. పిల్లల విషయమున అట్టి నిరాశకు నేడు తావులేదు. పిల్లలకు వచ్చు క్యాన్సర్లలో ఎక్కువగా కానవచ్చునది లుకేమియా. జనులు బ్లడ్ క్యాన్సర్ అనునది ఇదియే. 1940 ప్రాంతమున ఈ వ్యాధి వచ్చిన బిడ్డ కొన్ని వారములలోనో, కొన్ని నెలలలోనో కన్నుమూయుటయే కాని, వైద్యుడు చేయగలిగిన దేమియు లేకుండెను.

ఆ చీకటిలో మొదటి దీపము వెలిగించినవారిలో మన తెలుగువా రొకరు కలరు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లె పరిశోధనాలయమున పనిచేయుచుండిరి. ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును, శరీరములో దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులును తయారైనవి. బోస్టన్ నగరపు వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను లుకేమియా గల 16 మంది పిల్లలకు ఇచ్చి చూచెను. వారిలో 10 మందికి కొంతకాలము గుణము కనిపించినదని 1948 జూన్‌లో ఆయన లోకమునకు ప్రకటించెను. ఆ గుణము చిరకాలము నిలువలేదు. అయినను మందులతో ఈ వ్యాధిని వెనుకకు నెట్టవచ్చునని మొదటిసారి తెలిసినది. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు 53 ఏండ్ల వయసున మరణించిరి. ఆయన బృందము చేసిన మెథోట్రెక్సేట్ నేటికిని లుకేమియా పిల్లలకు ఇచ్చు మందులలో ఒకటి. నేడు గిద్దలూరు బిడ్డకు నగరములోని ఆసుపత్రిలో ఎక్కించు మందు ఒక తెలుగువాని శ్రమఫలమే యన్నమాట.

సుబ్బారావుగారి జీవితమున మరియొక విశేషము కలదు. ఆయన కలవారి బిడ్డ కాడు. పిల్లనిచ్చిన మామగారు ధనసాహాయ్యము చేసినందువలనను, మిత్రులు తోడ్పడినందువలనను ఆయన మద్రాసులో వైద్యము చదివి, సముద్రము దాటగలిగెను. అమెరికా చేరిన తొలిదినములలో ఆసుపత్రిలో రాత్రికూలిగా పనిచేసి కడుపు నింపుకొనెను. మందు కనిపెట్టినవానికే పదిమంది తోడు కావలసివచ్చినప్పుడు, ఆ మందు పుచ్చుకొను పసిబిడ్డకు వలదా?

నేడు సంపన్న దేశములలో క్యాన్సర్ వచ్చిన పిల్లలు నూటికి 80 మందికి పైగా నయమై ఇండ్లకు పోవుచున్నారు. పేద దేశములలోను, నడిమితరపు దేశములలోను అనేకచోట్ల నూటికి 30 మంది కూడ బ్రతుకుటలేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. 2030 నాటికి ప్రపంచమంతట నూటికి 60 మందినైన నిలుపవలెనని ఆ సంస్థ 2018లో సంకల్పము చేసినది. మందులు మనకు తెలియనివి కావు. మరి ఈ వ్యత్యాస మెందులకు? వ్యాధిని ఆలస్యముగా గుర్తించుట ఒక కారణము. గుర్తించినను తగిన ఆసుపత్రి చేరలేకపోవుట రెండవది. మందులు సమయమునకు దొరకకపోవుట మూడవది. నాలుగవది, మొదలుపెట్టిన చికిత్సను నడుమ విడిచిపెట్టుట. మొదటి మూడింటిని వైద్యులు, ప్రభుత్వములు చూడవలెను. నాలుగవది మనచేతిలో నున్నది.

అయినను గుర్తించుటను గూర్చి రెండుమాటలు చెప్పి ముందుకు పోవుదుము. బిడ్డకు వారముల తరబడి విడువని జ్వరము, ముఖము పాలిపోవుట, దెబ్బ తగులకుండనే ఒంటిమీద నల్లని కమిలిన మచ్చలు, చిగుళ్లనుండి రక్తము, ఎముకల నొప్పితో కుంటుట, మెడలోనో కడుపులోనో గడ్డ, కంటిపాపలో పిల్లికంటివంటి తెల్లని మెరుపు, తెల్లవారుజామున తలనొప్పితో వాంతులు – వీనిలో ఏది కనిపించినను పెద్దవైద్యునికి చూపవలెను. ఇవన్నియు క్యాన్సర్ గుర్తులే యని కాదు. చాలవరకు సామాన్యమైన జబ్బులే యగును. కాని చూపించుకొన్నవారికి నష్టములేదు. నాటుమందుతో నెలలు గడిపినవారికే నష్టము.

ఇక ఈ పడమటి సీమ స్థితి చూడుడు. మార్కాపురము, గిద్దలూరు సీమలు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ సంవత్సరము ఒంగోలు కేంద్రముగా కొత్తజిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిసినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. తూర్పున ఒంగోలు చూడబోయిన మార్కాపురమునుండియే సుమారు నూరు కిలోమీటర్లు. పడమట నల్లమల కొండలు దాటిన గాని నంద్యాల, కర్నూలు రావు. వానలు తక్కువ, మెట్టసేద్యము ఎక్కువ. కంది, పత్తి, మిరప పండినయేడు పండినట్లు. పండనియేడు నగరములకు కూలికి వలస. ఇట్టి ఇంటి బిడ్డకు ఈ వ్యాధి వచ్చినచో పోవలసినది హైదరాబాదునకో, మద్రాసునకో, మరియొక మహానగరమునకో. హైదరాబాదులో 1955 నుండి మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి, 2000 నుండి బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి పనిచేయుచున్నవి. మద్రాసు అడయారులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారు తలపెట్టిన క్యాన్సర్ సంస్థ 1954 నుండి నడచుచున్నది. అన్నియు గొప్ప సంస్థలే. కాని అన్నియు దూరమే.

ఒక కుటుంబమును ఊహింతము. తండ్రి పలకల కార్ఖానాలో దినకూలి. రెండెకరముల మెట్ట కలదు. తల్లి ఆ చేను చూచుకొనుచు, రెండు గేదెలను మేపుచుండును. ఎనిమిదేండ్ల కూతురు బడికి పోవుచున్నది. నాలుగేండ్ల కొడుకునకు లుకేమియా అని తేలినది. వైద్యుడు చికిత్స మొత్తము రెండు, రెండున్నర సంవత్సరములు పట్టునని చెప్పెను. మొదటి ఆరు మాసములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, మందు తీవ్రముగా నుండును. నగరములోనే ఉండవలెను, లేదా మాటిమాటికి పోవుచుండవలెను. పిమ్మట ఇంటివద్ద ప్రతిదినము మాత్రలు, నిర్ణీత దినములలో ఆసుపత్రి దర్శనము. ఇది తప్పరాదు.

ఇప్పుడు లెక్క వేయుడు. తల్లి బిడ్డతో నగరమున నుండును. తండ్రి కూలి మానినచో పొయ్యి వెలుగదు. మానకున్నచో నగరములో మందుచీటి పట్టుకొని తిరుగువారు లేరు. గేదెలకు నీరుపెట్టువారు లేరు. చేనికి కలుపు తీయువారు లేరు. ఆడపిల్ల అవ్వ దగ్గర చేరును. అవ్వకు చూపు తక్కువ, బడికి పంపుట తప్పిపోవును. మందులకు ప్రభుత్వము ఇచ్చినను, రైలుకు, బసకు, తిండికి, పాలకు ఖర్చు ఆగదు. మొదట వెండి పట్టీలు పోవును. తరువాత గేదె పోవును. ఆ తరువాత చేను తాకట్టు పడును. ఏడాది గడచునప్పటికి ఆ దంపతులకు రాత్రిపూట వచ్చు ప్రశ్న ఒక్కటే: ‘‘ఉన్న ఒక్కపిల్లనైనా నిలుపుకొందుమా, ఇద్దరిని పోగొట్టుకొందుమా?’’ చికిత్స విడిచిపెట్టువారు బిడ్డమీద ప్రేమలేక విడుచుటలేదు. మోయలేక విడుచుచున్నారు.

ఇచ్చట మా సొంత అనుభవ మొకటి చెప్పక తప్పదు. చెప్పుటకు సిగ్గుపడుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట గిద్దలూరు ప్రాంతమున మా దగ్గరి బంధువుల అయిదేండ్ల కుమారునికి ఈ వ్యాధియే వచ్చినది. నగరములో ఒక ఆసుపత్రిలో చేర్చిరి. మేము పరామర్శకు వెళ్లితిమి. బత్తాయిపండ్లు, ఒక బిస్కట్ల డబ్బా పట్టుకొని పోయి, మంచము ప్రక్కన కొంతసేపు కూర్చుండి, ధైర్యముగా నుండుమని చెప్పి, తల్లిచేతిలో కొంత పైకము పెట్టి తిరిగివచ్చితిమి. మా విధి తీరినదనుకొంటిమి. ఆమె రాత్రులు ఎచ్చట పరుండుచున్నదో మేము అడుగలేదు. అన్నము ఎచ్చట వండుకొనుచున్నదో అడుగలేదు. ఆసుపత్రి వరండాలో దుప్పటి పరచుకొని వానజల్లులో తడిసెనని ఎంతోకాలమునకు తెలిసినది. ఊరిలో పత్తి తీయువారు లేక చేనిమీదనే పాడైనదనియు అప్పుడే తెలిసినది.

ఏడు మాసములకు బాలుడు తేరుకొనెను. తలమీద వెండ్రుకలు మరల మొలిచినవి. సంక్రాంతికి ఇంటికి వచ్చి తోటిపిల్లలతో పరుగులు తీసెను. పండుగకు చేరిన పెద్దలందరు వానిని చూచి, ‘‘పిల్లోడు బాగయ్యాడు గదా, ఇంకా ఆ సూదులెందుకు, ఈ అప్పులెందుకు?’’ అనిరి. అట్లన్నవారిలో మేమును ఉంటిమి. చదువుకొన్నవారము, రేడియోలో నలుగురికి మంచిచెడ్డలు చెప్పువారము. మా మాటకు ఆ యింట విలువ యుండెను. తండ్రి మరి రైలుటిక్కెట్టు కొనలేదు. ఎనిమిది నెలలకు జ్వరము తిరిగివచ్చినది. ఈసారి మందులు పనిచేయలేదు. ఆ బాలుడు నేడు లేడు. వాని తల్లి మమ్ము ఒక్కమాటయు అనలేదు. ఆమె ఏమియు అనకపోవుటయే మేము మరువలేకున్నాము. ఈ ప్రసంగమునకు అదియే కారణము.

మాకు అప్పుడు తెలియనిది శ్రోతలకు ఇప్పుడు చెప్పుచున్నాము. గుణము కనిపించుట వేరు, నయమగుట వేరు. తొలి నెలల మందుతో రోగకణములు పరీక్షకు దొరకనంతగా తగ్గును. కాని వేరు మిగిలియుండును. కలుపు పైకి కనబడలేదని దుక్కి మానినచో ఏమగునో రైతుకు చెప్పనక్కరలేదు. బిడ్డ ఆడుకొనుచున్నను మాత్ర మానరాదు. చికిత్స ముగిసినదని చెప్పవలసినవాడు వైద్యు డొక్కడే. ఈ మాట ఊరిలో పెద్దలు గట్టిగా చెప్పినచో తల్లిదండ్రులకు కొండంత బలము.

మన పరామర్శ ఒకనాటిది, వైద్యము రెండేండ్లది. ఈ రెంటికిని పొత్తు కుదురుటలేదు. కాన సాయము చేయదలచినవారు ఒక్కసారిగా కాక, వంతులవారీగా చేయుట మేలు. పల్లెలలో ఒకరి చేనికి ఒకరు బదులుపనికి పోవు ఆచారము నేటికిని మనకు తెలిసినదే. దానినే ఈ ఇంటికి వర్తింపజేయుడు. చుట్టుప్రక్కల పది ఇండ్లవారు కూర్చుండి, ఎవరు ఏది చూడగలరో నిర్ణయించుకొనవలెను. ఒకరు గేదెల మేత, ఒకరు చేను కలుపు, ఒకరు ఆడపిల్లను బడికి పంపుట, ఒకరు నెలకొకసారి నగరమునకు పోయి తల్లికి రెండుదినములు విశ్రాంతి ఇచ్చుట. ‘‘ఏమైనా కావలసినచో చెప్పమ్మా’’ అనుట సులభము. కష్టములో నున్నవారు నోరు తెరచి అడుగరు. ‘‘వచ్చే మంగళవారం చేనికి నేను పోతానక్కా’’ అని చెప్పినవాడే నిజమైన చుట్టము.

జ్వరము సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. ఈ మందులు రోగకణములతోపాటు ఒంటికి కాపుదలయైన తెల్లకణములను కూడ తగ్గించును. అట్టి బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరము వచ్చినచో అది మామూలు జ్వరము కాదు, తెల్లవారువరకు వేచియుండరాదు. వెంటనే తమ వైద్యులకు ఫోను చేసి, వారు చెప్పిన ఆసుపత్రికి చేర్చి, గంటలోపల సూదిమందు పడునట్లు చూడవలెను. పల్లెలో అర్ధరాత్రి వాహన మెచ్చట దొరకును? దోర్నాలనుండి శ్రీశైలము మీదుగా పోవు అడవిదారిలో రాత్రివేళ రాకపోకలే నిషిద్ధము. కాన ఊరిలో ఆటోయో కారో గల ఇద్దరు ముగ్గురు, ‘‘ఏ వేళనైనా తలుపు తట్టుడు’’ అని ముందే మాట ఇచ్చియుండవలెను. దగ్గరి ప్రభుత్వాసుపత్రి వైద్యునికి బిడ్డ కాగితములు ముందుగానే చూపియుంచుట మంచిది. ఈ ఒక్క ఏర్పాటు ప్రాణము నిలుపగలదు.

రక్తము మరియొక అవసరము. చికిత్సాకాలమున బిడ్డకు రక్తము, అందులోను ప్లేట్‌లెట్లు అను కణములు, పలుమార్లు ఎక్కింపవలసివచ్చును. ప్లేట్‌లెట్లు అయిదుదినములకు మించి నిలువయుండవు. కాన ఇచ్చువారు ఎప్పటికప్పుడు కావలెను. 18 ఏండ్లు నిండి ఆరోగ్యముగా నున్నవారు రక్తమీయవచ్చును. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి. హైదరాబాదులో చదువుకొనుచున్న, ఉద్యోగములు చేయుచున్న మన ప్రాంతపు యువకులు వేలకొలది కలరు. ఊరినుండి ఒక ఫోను పోయినచో వారిలో నలుగురు ఆసుపత్రి వద్ద నిలుచుట కష్టము కాదు. తెలియని నగరములో మన యాసతో మాటలాడు మనిషి యెదురగుటయే ఆ తండ్రికి సగము బలము.

బస విషయమున లోకమంతయు ఒకే పాఠము నేర్చినది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున పిల్లల ఆసుపత్రికి చేరువగా, దూరమునుండి వచ్చిన తల్లిదండ్రులు ఉండుటకు 1974లో ఒక ఇల్లు ఏర్పాటైనది. ఆసుపత్రి బల్లలమీద నిద్రించు తల్లిదండ్రులను చూచిన వైద్యురాలు ఆడ్రీ ఇవాన్స్, లుకేమియా వచ్చిన కూతురుగల ఒక ఆటగాడు, వారి మిత్రులు దానికి కారకులు. మనదేశమున సెయింట్ జూడ్ ఇండియా అను సంస్థ 2006లో బొంబాయిలో అట్టి గృహములను ఆరంభించినది; హైదరాబాదులోను అవి కలవు. చికిత్సకు వచ్చిన బిడ్డకు, తల్లిదండ్రులకు ఉచితముగా చోటు, వంటకు పొయ్యి, పప్పుబియ్యము ఇత్తురు. తల్లి తన చేతితో వండిన వేడి అన్నము బిడ్డకు పెట్టగలుగుట చిన్న సంగతి కాదు. నోరు పూసి మెతుకు దిగని బిడ్డ ఆ చేతిముద్దకే నోరు తెరచును. ఇట్టి చోటు దొరకునా యని ఆసుపత్రిలో చేరిన మొదటిదినమే అక్కడి సాంఘిక సేవకులను అడుగవలెను.

ప్రభుత్వపు సాయమును గూర్చి. మన రాష్ట్రమున 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకము పిమ్మట పేర్లు మార్చుకొన్నను, పేదకుటుంబముల క్యాన్సర్ చికిత్సకు ఆధారముగా నిలిచియున్నది. అది ఏయే ఆసుపత్రులలో చెల్లునో ముందుగా విచారించి, అక్కడి ఆరోగ్యమిత్రను కలిసికొనవలెను. రైలులో క్యాన్సర్ రోగికి చికిత్సకై పోవునప్పుడు స్లీపర్ తరగతిలో పూర్తి రాయితీ, తోడు పోవువారికి నూటికి 75 వంతుల రాయితీ కలదు. ఆసుపత్రివారు ఇచ్చు నిర్ణీతపత్రము చూపవలెను. గిద్దలూరు, కంభము, మార్కాపురము రోడ్డు స్టేషనులలో ఎక్కువారు ఎందరో ఈ సంగతి తెలియక పూర్తి డబ్బిచ్చి కొనుచున్నారు. చదువు వచ్చిన పొరుగువారు ఈ కాగితముల పని తమమీద వేసికొన్నచో అది ధనదానమునకు తక్కువ కాదు.

మాటసాయము మరియొకటి. ఈ వ్యాధి అంటునది కాదు. ఆ బిడ్డ త్రాగిన లోటాతో మరియొక బిడ్డ త్రాగినను రాదు. తల్లి తిన్నదానివలన వచ్చినది కాదు, గ్రహణమువలనను కాదు, ఎవరి పాపమువలనను కాదు. పిల్లలలో చాలమందికి ఎందువలన వచ్చునో శాస్త్రజ్ఞులకే ఇంకను తెలియదు. కాన నీళ్లరేవు దగ్గర గుసగుసలు మానవలెను. పరామర్శకు పోవువారు దగ్గు, జలుబు ఉన్నచో పోరాదు; పోయినప్పుడు చేతులు కడుగుకొని లోనికి పోవలెను. బిడ్డ బోడితలను చూచి కన్నీరు పెట్టుకొనరాదు. చందాల కొఱకని వాని ఫోటోను తల్లిదండ్రులనడుగక ఫోనులలో నలుదిక్కుల పంపరాదు. బిడ్డ ఆడపిల్ల యైనచో, ‘‘ఆడదానికి ఇంత ఖర్చా’’ అను మాట ఏ నోటను రారాదు. పెద్ద ఆసుపత్రులకు చికిత్సకై వచ్చు పిల్లలలో ఆడపిల్లలు తక్కువగా నుండుట మన సమాజమునకు తలవంపు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. రెండేండ్ల చికిత్సలో బడి చాలవరకు తప్పును. పేరు కొట్టివేయకుడు. తోటిపిల్లలచేత అప్పుడప్పుడు ఉత్తరము వ్రాయింపుడు. బిడ్డ తిరిగివచ్చిననాడు వాని చోటు వానికుండునట్లు చూడుడు. తరగతిలో ఎవరికైన తట్టు, ఆటలమ్మ వచ్చినచో వెంటనే ఆ తల్లికి కబురంపుడు. సామాన్యుల బిడ్డకు వారముదినముల బాధయైనది ఈ బిడ్డకు ప్రాణాపాయము. అట్లే ఇంటివద్ద మిగిలిన అక్కనో చెల్లినో కనిపెట్టియుండుడు. అందరి కన్నులును జబ్బుబిడ్డమీదనే యుండగా, ఆ రెండవబిడ్డ తనను ఎవరును చూచుటలేదని లోలోన కుమిలిపోవుచుండును.

రేడియోలో పనిచేయు మాకు ప్రియమైన ఒక వృత్తాంతము చెప్పి ముగించెదము. 1948 మే నెల 22వ తేదీన, మనము చెప్పుకొన్న ఫార్బర్ వైద్యుని రోగియైన పన్నెండేండ్ల బాలుడు బోస్టన్ ఆసుపత్రి మంచముమీదనుండి రేడియోలో మాటలాడెను. ఎక్కడనో ఉత్తరపు కొసనున్న మెయిన్ రాష్ట్రములోని పల్లెటూరి రైతు బిడ్డ అతడు. అసలు పేరు దాచి, జిమ్మీ అని పిలిచిరి. అతనికి ప్రియమైన బేస్‌బాల్ ఆటగాండ్రు ఒక్కొక్కరే గదిలోనికి వచ్చి పలుకరించుచుండగా, ఆ బాలుని సంతోషము దేశమంతయు వినెను. అతడు ఆట చూచుటకు ఒక టెలివిజన్ కొనుటకును, అట్టి పిల్లల వైద్యమునకును సాయముచేయుడని కోరగా, రెండులక్షల ముప్పదివేల డాలర్లకు పైగా వచ్చి చేరినది. ఆ నిధితో పిల్లల క్యాన్సర్ వైద్యము, పరిశోధన విస్తరించెను. జిమ్మీ ఏమయ్యెనో లోకమునకు తెలియదు. మరణించెననియే చాలమంది తలచిరి. ఏబది సంవత్సరముల పిమ్మట, 1998లో, ‘‘ఆ జిమ్మీని నేనే’’ అని ఐనార్ గుస్తాఫ్‌సన్ అనునాయన ముందుకు వచ్చెను. లారీ నడుపుకొని బ్రతికి, బిడ్డలను పెంచి, మనుమలను చూచినాడు. 2001లో 65 ఏండ్ల వయసున కాలధర్మము చెందెను.

ఆనాడు రేడియో విన్నవారు ఆ బాలుని ఎన్నడును చూచియెరుగరు. మనకు అంత దూరము పోనక్కరలేదు. మన వీధిలోనో, ప్రక్క ఊరిలోనో అట్టి ఇల్లు ఒకటి ఉండవచ్చును. అన్ని బిడ్డలును బ్రతుకుదురని మేము చెప్పజాలము. కొందరి విషయమున వైద్యము ఓడిపోవును. అప్పుడు నొప్పి తెలియకుండ చూచు వైద్యము కలదు, దానిని కోరుట తప్పు కాదు. ఆ పిమ్మట కూడ, కర్మకాండ ముగిసి చుట్టములు వెళ్లిపోయిన తరువాత, ఆ తలుపు తట్టువారుండవలెను.

కాని బ్రతుకగలిగిన బిడ్డ, మన ఊరి వారు తోడులేక, రైలుటిక్కెట్టు లేక, చేను చూచువారు లేక పోరాదు. మేము ఒకసారి తప్పు చేసితిమి. ఈ మాటలు వినినవారు ఆ తప్పు చేయకుందురుగాక. రేపు తెల్లవారగానే అట్టి ఇల్లు మీకు జ్ఞప్తికి వచ్చినచో పండ్లు కొనుటకు అంగడికి పోకుడు. ఆ యింటికి పోయి, తదుపరి ఆసుపత్రి దినమెప్పుడో అడిగి తెలిసికొని, ఆనాడు మీరు చేయగల పని యేదో చెప్పిరండు.